లినక్స్ వేశాక వైఫై మాయం: నా అనుభవం

నెట్ కేబుల్ పోర్టు లేని పాత ల్యాప్‌టాప్‌లో డెబియన్ 11 అనే లినక్స్ వేశాను, అంతా సాఫీగానే అయింది, తీరా చూస్తే సెట్టింగ్స్‌లో వైఫై అన్న మాటే లేదు. కార్డు పోయిందేమోనని టెన్షన్. టెర్మినల్‌లో ఎల్ఎస్‌పీసీఐ (లోపలి కార్డుల జాబితా చూపే కమాండ్) కొడితే దాని పేరు చక్కగా కనిపించింది, నెట్‌వర్క్ లింకులు చూపే 'ఐపీ లింక్'లో మాత్రం 'ఎల్ఓ' (కంప్యూటర్ తనతో తానే మాట్లాడుకునే లోపలి లింకు) ఒక్కటే. సుడోతో (అడ్మిన్ హక్కులతో) డీమెస్గ్, అంటే కెర్నల్ సందేశాల లాగ్, చూస్తే ఫర్మ్‌వేర్ (కార్డు పనిచేయడానికి అందులోకి ఎక్కించే సాఫ్ట్‌వేర్) ఫైల్ దొరకలేదని ఎర్రక్షరాల్లో ఉంది.

ఆ ఫర్మ్‌వేర్ ఉన్న ప్యాకేజీ దించాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే ప్యాకేజీ కావాలి, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదన్నట్టు! చివరికి ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ని కంప్యూటర్‌కి ఇవ్వడం) ఆన్ చేస్తే వెంటనే నెట్ వచ్చేసింది (ఇది ముందే తట్టి ఉంటే ఒక సాయంత్రం మిగిలేది). ప్యాకేజీలు ఎక్కడినుంచి దించాలో చెప్పే సోర్సెస్ లిస్ట్‌లో 'నాన్-ఫ్రీ' (స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాని ప్యాకేజీల విభాగం) చేర్చి, ప్యాకేజీల జాబితా తాజా అయ్యేలా ఆప్ట్ అప్‌డేట్ కొట్టి, ఆ కార్డుకి సరిపోయే ఫర్మ్‌వేర్ ప్యాకేజీ వేసి రీబూట్ చేశాను. వైఫై పేర్లు వరసగా వచ్చి కూర్చున్నాయి. డెబియన్ 12 నుంచైతే ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌తోనే వస్తోంది.