టైడ్ చార్ట్ చదవడం ఎలా? ముందు సున్నా ఎక్కడుందో చూడండి

మన హైదరాబాదీలు వైజాగ్ వెళ్తే టిఫిన్ కానిచ్చి, పది దాటాక బీచ్‌కి చేరతారు. ఆటు, అంటే నీరు బాగా దిగే సమయం, పొద్దున్నే వచ్చిన రోజైతే అప్పుడు బయటపడే రాళ్లు ఈలోగా మునిగిపోయి ఉంటాయి. సముద్రం నీరు ఎప్పుడు ఎంత ఎక్కుతుందో, దిగుతుందో చెప్పే చార్ట్ మాత్రం ఫోన్‌లోనే ఉంటుంది.

కావలసినవి చార్ట్, కాగితం, పెన్సిల్. మీరు వెళ్లే చోటికి దగ్గరి రేవు పేరు, తేదీ చూడండి. మామూలుగా రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. పోటుకీ ఆటుకీ మధ్య ఆరు గంటల పైచిలుకు. మర్నాడు అన్నీ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. వంకర గీతల గ్రాఫ్ జోలికి పోకండి, పట్టికే చూడాలి. పంచాంగం చాలనే పెద్దలున్నారు. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు ఆటుపోట్లు పెద్దవన్నది నిజమే. కానీ పంచాంగం రోజు చెబుతుంది, సరైన గంట చెప్పదు.

ఇక అందరూ బోల్తా పడేది సున్నా దగ్గర, అంటే పట్టికలో నీటి ఎత్తును ఎక్కడి నుంచి కొలిచారన్న దగ్గర. వానాకాలం వార్తల్లో హుస్సేన్‌సాగర్ ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి నీటిమట్టం) 513.41 మీటర్లు అంటారు కదా, ఆ లెక్క సగటు సముద్రమట్టం నుంచి మొదలవుతుంది. టైడ్ టేబుల్‌లో సున్నా అది కాదు, సముద్రం అడుగు అసలే కాదు. మన దేశపు పట్టికల్లో సున్నాను సగటు మట్టానికి బాగా కింద పెట్టారు. నీరు అంతకన్నా దిగడం అరుదు, అందుకే మన రేవుల్లో మైనస్ ఎత్తు అరుదు. అలా కనిపించిన రోజున మామూలుగా మునిగి ఉండే రాళ్లు కూడా బయటపడతాయి.

అమెరికాలో వేరే లెక్క. అక్కడ రోజూ వచ్చే రెండు ఆట్లలో తక్కువదాన్ని తీసుకుని, 19 ఏళ్ల సగటు కట్టి దాన్నే సున్నా అంటారు. సగటు కాబట్టి దానికన్నా దిగే రోజులు బోలెడు. కాలిఫోర్నియాలో ఉన్న మీ అబ్బాయి "మైనస్ ఒకటి" అన్నాడంటే అది అడుగుల్లో, అంటే సున్నాకి 30 సెంటీమీటర్లు కింద. మీటరు అనుకుని కంగారు పడొద్దు.

కొన్ని యాప్‌లు సగటు మట్టాన్నే సున్నాగా తీసుకుంటాయి. వాటిలో దాదాపు ప్రతి ఆటూ మైనస్‌లోనే ఉంటుంది, దానికి విశేషమేమీ లేదు. రోజూ మైనస్ కనిపిస్తుంటే అనుమానించండి. డేటమ్ (ఆ సున్నా ఎక్కడుందో) ఏమిటో రాయని యాప్‌ని తీసేయండి.

మైనస్ అంటే నీళ్లు లేవని కూడా కాదు. నౌకా పటంలో అదే సున్నా నుంచి లోతు 2 మీటర్లు, ఆటు మైనస్ 0.3 అయితే అక్కడ ఇంకా 1.7 మీటర్ల నీరుంది. పిల్లాడు మునిగే లోతు.

ఆటు సమయానికి గంటన్నర ముందే చేరాలి, ఆ నిమిషం రాగానే వెనక్కి తిరగాలి. ఇంకో ఫొటో అని ఆగొద్దు. నీరు మొదట నెమ్మదిగా పెరిగి, మూడో గంటలో, నాలుగో గంటలో వేగం అందుకుంటుంది. మొత్తం పెరుగుదలలో దాదాపు సగం ఆ రెండు గంటల్లోనే.

గాలి, అల్పపీడనం, అలలు ఈ చార్ట్‌లో ఉండవు. ఎత్తైన అలల హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ) మన హైదరాబాద్ ప్రగతినగర్‌లోనే ఉంది. బస్సెక్కే ముందు అవి చూడండి. ఎత్తైన అలలని ఉంటే, మైనస్ ఎంతున్నా టికెట్ క్యాన్సిల్ చేసుకోండి.