స్పానిష్‌లో నెక్‌టై ఆడది, గౌను మగది: నామవాచకాల లింగం గుర్తుపట్టేదెలా

తెలుగులో లింగం క్రియలో బయటపడుతుంది. వాడు వచ్చాడు, ఆమె వచ్చింది, బస్సూ వచ్చింది. విశేషణానికి ఆ బాధ లేదు: మంచి అబ్బాయి, మంచి అమ్మాయి, మంచి పుస్తకం. స్పానిష్‌లో ఇది తిరగబడుతుంది. ఎవరొచ్చినా క్రియ 'యెగో' (వచ్చాడు, వచ్చింది) ఒక్కటే. మారేది నామవాచకం ముందుండే ఆర్టికల్ (ఇంగ్లీషు 'the' లాంటి మాట: పుంలింగానికి 'ఎల్', స్త్రీలింగానికి 'లా'), నామవాచకాన్ని అంటిపెట్టుకున్న విశేషణం. మనకు అలవాటు లేని చోటే కాబట్టి తప్పులూ అక్కడే పడతాయి.

వస్తువుల లింగానికి అర్థంలో కారణం వెతకొద్దు. నెక్‌టై 'లా కొర్బాతా', స్త్రీలింగం. గౌను 'ఎల్ వెస్తీదో', పుంలింగం. లింగం మాటది, వస్తువుది కాదు.

కొత్త మాటను ఒంటరిగా రాసుకోకండి. ఆర్టికల్‌తో, వీలైతే ఒక విశేషణంతో కలిపి రాయండి: 'లా నోచే లార్గా' (పొడవైన రాత్రి), 'ఎల్ కోచే నేగ్రో' (నల్ల కారు). నోచే, కోచే రెండూ 'ఏ'తోనే ముగుస్తాయి, లింగం మాత్రం వేరు. విశేషణం ఓ-ఆ మారేదై ఉండాలి. 'వేర్దే' (ఆకుపచ్చ), 'అసూల్' (నీలం) రెండు లింగాలకూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఇక్కడ పనికిరావు. బహువచనంలో ఎల్ కాస్తా లోస్, లా కాస్తా లాస్ అవుతాయి; విశేషణానికీ 'స్' చేరుతుంది: 'లోస్ లీబ్రోస్ రోహోస్' (ఎర్ర పుస్తకాలు).

ఇక ముగింపులు. 'ఓ' అయితే పుంలింగం, 'ఆ' అయితే స్త్రీలింగం అనే సూత్రం చాలా దూరమే నడుస్తుంది. అంతకన్నా గట్టివి కొన్ని ఉన్నాయి. -సియోన్, -దాద్, -తాద్ స్త్రీలింగం: కన్సియోన్ (పాట), సియుదాద్ (నగరం), లిబెర్తాద్ (స్వేచ్ఛ). -ఆహే పుంలింగం: వియాహే (ప్రయాణం). -ఓర్ కూడా దాదాపు అంతే, కానీ 'ఫ్లోర్' (పువ్వు) స్త్రీలింగం. 'అవియోన్' (విమానం) చూసి మోసపోవద్దు. అందులో 'సి' లేదు, అది పుంలింగం.

ఎక్కువమంది జారిపడేది -మా దగ్గర. గ్రీకు నుంచి వచ్చిన ప్రొబ్లేమా (సమస్య), సిస్తేమా (వ్యవస్థ), తేమా (విషయం), ఇదియోమా (భాష), క్లీమా (వాతావరణం) పుంలింగాలు. అలాగని 'మా' కనబడగానే 'ఎల్' తగిలించకండి: కామా (మంచం), ఫోర్మా (ఆకారం) స్త్రీలింగాలే. వీటికి తోడు దీయా (రోజు), మాపా పుంలింగం. మానో (చెయ్యి) స్త్రీలింగం. ఫోతో కూడా స్త్రీలింగమే, ఎందుకంటే అది 'ఫొతొగ్రఫీయా'కు పొట్టి రూపం.

'ఎల్ ఆగ్వా' (నీళ్లు) దగ్గర కాస్త ఆగాలి. ఆగ్వా స్త్రీలింగమే. 'ఆ' శబ్దంతో మొదలై, ఒత్తు (పలికేటప్పుడు నొక్కి పలకడం) కూడా దానిమీదే పడే స్త్రీలింగ మాట ముందు ఏకవచనంలో 'లా' బదులు 'ఎల్' వస్తుంది. మారేది ఆర్టికల్ మాత్రమే. లింగం అలాగే ఉంటుంది. అందుకే 'ఎల్ ఆగ్వా ఫ్రీయా' (చల్లటి నీళ్లు), బహువచనంలో 'లాస్ ఆగ్వాస్'. 'ఎల్ ఆగ్వా ఫ్రీయో' తప్పు. 'ఈ నీళ్లు' అనాలంటే 'ఎస్తా ఆగ్వా'. అరేనా (ఇసుక) కూడా 'అ'తోనే మొదలవుతుంది, కానీ ఒత్తు 'రే' మీద ఉంది కాబట్టి 'లా అరేనా'. అనుమానమొస్తే మాటను పైకి పలికి ఒత్తు ఎక్కడ పడుతుందో చూడండి.

మనుషుల విషయంలో 'అర్తీస్తా' (కళాకారుడు, కళాకారిణి) లాంటివి మారవు, ఆర్టికల్ మారుతుంది. 'పెర్సోనా' (వ్యక్తి) మటుకు మగవాడైనా స్త్రీలింగమే, పక్కనున్న విశేషణంతో సహా.

కొన్ని మాటలకు ఆర్టికల్ మారితే అర్థమే మారుతుంది: 'ఎల్ కపితాల్' పెట్టుబడి, 'లా కపితాల్' రాజధాని, 'ఎల్ ఓర్దెన్' క్రమం, 'లా ఓర్దెన్' ఆజ్ఞ. ఈ జంటలను రెండు వేర్వేరు మాటలుగా రాసుకోండి.