జార్జియా పల్లెల్లో 1920–40 మార్పులు: జనాభా లెక్కల కాగితాలు ఎలా చదవాలి

రాష్ట్రం మొత్తం లెక్క చూస్తే అసలేమీ జరగనట్టే ఉంటుంది. అమెరికా దక్షిణాదిలోని జార్జియా జనాభా 1920లో 28,95,832, 1930లో 29,08,506. నల్లజాతివారి లెక్క విడిగా తీస్తే బొమ్మ మారిపోతుంది: 12,06,365 నుంచి 10,71,125కి పడిపోయింది. పత్తికి బోల్ వీవిల్ అనే ముక్కుపురుగు పట్టి, పంట పోయి, అప్పు తీరక చాలామంది ఉత్తరాది ఫ్యాక్టరీ ఊళ్లకు తరలిపోయారు. కాబట్టి రాష్ట్రాన్ని వదిలేసి ఒక్క కౌంటీ (మన జిల్లా లాంటిది) పట్టుకోండి. గ్రీన్ కౌంటీ అయితే బాగుంటుంది. 1920లో 18,972 మంది ఉన్నచోట 1930కి 12,616 మందే మిగిలారు.

వేరే కౌంటీ తీసుకుంటే ముందు సరిహద్దులు చూసుకోవాలి. 1924లో హ్యూస్టన్, మేకన్ కౌంటీల నుంచి కొంత కొంత విడదీసి పీచ్ కౌంటీ చేశారు. ఆ సంగతి మరిచి మేకన్‌లో తగ్గిన జనమంతా వలసపోయారని రాస్తే లెక్క తప్పుతుంది. మిల్టన్, క్యాంప్‌బెల్ కౌంటీలు 1932లో ఫుల్టన్‌లో కలిశాయి. ఇవాళ మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉంటున్న అల్ఫరెట్టా అప్పట్లో మిల్టన్ కౌంటీ కేంద్రం. దాని 1930 కాగితాలు ఫుల్టన్ కింద ఎంత వెతికినా దొరకవు.

ఇంటింటి కాగితాలను 72 ఏళ్లు దాటాక బయటపెడతారు గనక 1920, 1930, 1940 మూడింటివీ ఇప్పుడు చూడొచ్చు. ఫ్యామిలీసెర్చ్ సైట్‌లో ఖాతా తెరిస్తే చాలు, డబ్బు కట్టక్కర్లేదు. పేరుతో వెతకడం మీద ఎక్కువ ఆధారపడకండి, ఎన్యూమరేటర్లు (ఇంటింటికీ తిరిగి లెక్క రాసేవాళ్లు) చెవికి వినబడినట్టు రాసుకున్న పేర్లవి. ఎన్యూమరేషన్ డిస్ట్రిక్ట్ (ఒక ఎన్యూమరేటరు తిరిగే ప్రాంతం) నంబరు పట్టుకుని పేజీ తర్వాత పేజీ తిప్పండి. ఆ నంబర్లు పదేళ్లకోసారి మారతాయి, పాత నంబరు కొత్తదానికి పనికిరాదు. పేజీకి 1920, 1930లలో 50 వరసలు, 1940లో 40.

తేదీ కూడా గమనించాలి. 1920 లెక్క జనవరి 1 నాటిది, మిగతా రెండూ ఏప్రిల్ 1 నాటివి. జనవరి అంటే పొలంపని లేని రోజులు, పైగా సగపాలు రైతులు షావుకారుతో లెక్క తేల్చుకుని ఇల్లు మారే సమయం. 1920లో పొలంపనివాళ్లు తక్కువ కనబడటానికి ఇదొక కారణం.

అసలు చిక్కు 1930 కాగితంలో ఉంది. వృత్తి గడిలో భూస్వామికీ సగపాలు రైతుకీ ఒకటే మాట, ‘ఫార్మర్’. తేడా తెలియాలంటే 7వ గడి చూడాలి: సొంతిల్లయితే ‘ఓ’, అద్దెదయితే ‘ఆర్’. అవే అక్షరాలు వేరే అర్థంతో మళ్లీ వస్తాయి. 9వ గడిలో ‘ఆర్’ అంటే ఇంట్లో రేడియో ఉందని, 27వ గడిలో ‘ఓ’ అంటే జీతానికి కాకుండా సొంతంగా పనిచేస్తున్నాడని. సగపాలు రైతుకు 7లో ‘ఆర్’, 27లో ‘ఓ’ పడటం మామూలే. కంగారులో చదివితే భూమి లేనివాడు కాస్తా ఆసామి అయిపోతాడు, అద్దె ఇంట్లో రేడియో మోగుతుంది! అనుమానం తీరకపోతే వ్యవసాయ లెక్కల కౌంటీ పట్టికలతో సరిపోల్చండి. దక్షిణాది రాష్ట్రాల్లో సగపాలు రైతులను 1920 నుంచి వేరుగా చూపారు, ఆ పట్టికలు అయిదేళ్లకోసారి వచ్చాయి.

జాతి గడిలో 1920లో ‘ఎంయూ’ (ములాటో, అంటే మిశ్రమ సంతతి) అని రాసిన కుటుంబానికి 1930లో ‘నెగ్’ (నీగ్రో) అని ఉంటుంది. మారింది కుటుంబం కాదు, ఫారం. మిశ్రమ సంతతిని వేరుగా రాసే పద్ధతి తీసేశారు. (ఇండియా నుంచి వెళ్లినవాళ్లను, మతం ఏదైనా, ‘హిన్’ (హిందూ) అనే రాసేవారు.)

1940లో 32వ గడి 1939 సంవత్సరపు జీతం. రైతు ఎదురుగా అక్కడ సున్నా ఉంటే చేతిలో పైసా లేదని కాదు. పంట డబ్బు జీతం కిందికి రాదు, 33వ గడిలో ‘అవును’ ఉందేమో చూడండి: జీతం కాని రాబడి 50 డాలర్లు, ఆపైన ఉంటే అలా రాశారు. 22వ గడిలో ‘అవును’ ఉంటే ఆ మనిషి ప్రభుత్వ సహాయ పనుల్లో ఉన్నట్టు.

ఊరు వదిలినవాళ్లు గ్రీన్ కౌంటీ కాగితాల్లో కనబడరు, వాళ్లు చేరిన చోటే వెతకాలి. అట్లాంటా 1940 పేజీల్లో 17 నుంచి 20 వరకు గడులు 1935 ఏప్రిల్ 1న ఎక్కడున్నారో చెబుతాయి. 17లో ‘ఆర్’ అంటే 2,500 లోపు జనమున్న పల్లె, 18లో కౌంటీ పేరు, 20లో పొలం మీద ఉండేవారా లేదా అన్నది. 1935కి ముందే పట్నం చేరినవాళ్లు మాత్రం ఈ గడులకు చిక్కరు.