సూర్యఘర్ సబ్సిడీ 78 వేలు మీ ఖాతాలో పడాలంటే ఎలా చేయాలి?

మేడ మీద సోలార్ పెట్టించుకుంటే కేంద్రం 78 వేల దాకా ఇస్తుందని ఇప్పుడు తెలియనివాళ్లు లేరు. పెట్టించుకుని, నెలలు గడిచినా ఆ డబ్బు రాక ఫోన్ పట్టుకుని తిరిగేవాళ్లు కూడా తక్కువేం లేరు. మా చుట్టాల్లోనూ మా వీధిలోనూ ఎవరు పెట్టించుకున్నా దరఖాస్తు పని నాకే చెబుతారు కాబట్టి బండి ఎక్కడ ఆగిపోతుందో నాకు బాగా తెలుసు. ప్యానెళ్ల గురించి యూట్యూబ్‌లో గంటలకు గంటలు చూసి వస్తారు, కరెంటు బిల్లు మీద పేరు ఎవరిదో మాత్రం చూసుకోరు. దాదాపు ప్రతిసారీ అక్కడే ఆగుతుంది.

ముందు లెక్క. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 30 వేలు, మూడోదానికి 18 వేలు ఇస్తారు. మొత్తం 78 వేలు, ఆ పైన మీరు పది కిలోవాట్లు పెట్టించుకున్నా పైసా ఎక్కువ రాదు. ఆంధ్రాలో బీసీ కుటుంబాలకు రెండు కిలోవాట్లకు రాష్ట్రం ఇంకో 20 వేలు ఇస్తోంది, అది అడగడం మర్చిపోవద్దు. ఇంతకుముందు వేరే పథకంలో సోలార్ సబ్సిడీ తీసుకున్న ఇంటికి ఇది రాదు.

ఎన్ని కిలోవాట్లు? మూడు. ఇంట్లో ఏసీ ఉండి నెలకు రెండు వందల యూనిట్లు దాటుతుంటే మూడే, నన్నడిగితే వేరే ఆలోచనే అక్కర్లేదు. ఒక కిలోవాట్ మన ఎండకు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది, దానికి వంద చదరపు అడుగుల నీడ పడని జాగా కావాలి. తెలంగాణలో గృహజ్యోతి కింద సున్నా బిల్లు వస్తున్నవాళ్లు మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. కట్టాల్సిన బిల్లే లేనప్పుడు అప్పు చేసి ప్యానెళ్లు పెట్టడం ఎందుకు? పక్కింటివాళ్లు పెట్టారని పెట్టేవాళ్లను చూశాను, వాళ్లకు చెప్పినా వినరు.

కావాల్సినవి: కొత్త కరెంటు బిల్లు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ లేదా క్యాన్సిల్ చేసిన చెక్కు, ఓటీపీ వచ్చే ఫోన్, సొంత డాబా. అపార్ట్‌మెంట్లో ఉంటే డాబా మీ ఒక్కరిది కాదు, ముందు అసోసియేషన్‌తో మాట్లాడండి. లిఫ్టు, మోటారు, మెట్ల లైట్ల కోసం అసోసియేషనే పెట్టుకుంటే కిలోవాట్‌కు 18 వేల చొప్పున వేరే సబ్సిడీ ఉంది. అంతే, ఇందులో పెద్ద విషయం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. దీన్ని తొందరపడకుండా చదవండి.

బిల్లు మీద ఉన్న పేరు, ఆధార్‌లో పేరు, బ్యాంకు ఖాతాలో పేరు, ఈ మూడూ ఒకే మనిషివి కావాలి. చెప్పడానికి తేలికే. కానీ మన ఇళ్లలో సర్వీసు, అంటే కరెంటు కనెక్షన్, ఎవరి పేరున ఉంటుంది? ఇల్లు కట్టిన తాతగారి పేరున. ఆయన పోయి పదేళ్లయినా బిల్లు ఆయన పేరుతోనే వస్తుంది, ఇంట్లోవాళ్లు ఫోన్‌పేలో కట్టేస్తూ ఉంటారు, ఎవరికీ ఇబ్బంది ఉండదు. సబ్సిడీ దగ్గరికి వచ్చేసరికి ఆ పేరున ఆధార్ ఎవరిస్తారు, ఖాతా ఎవరిస్తారు? కొందరైతే ఇల్లు కొనుక్కుని కూడా పాత ఓనరు పేరే ఉంచేస్తారు. ప్యానెళ్లు అమ్మి బిగించే వెండర్‌ని అడిగితే 'ఏం కాదు సార్, తర్వాత చూసుకుందాం' అంటాడు. అతనికి ప్యానెళ్లు అమ్ముడుపోతే చాలు. తర్వాత చూసుకోవాల్సింది మీరే.

సర్వీసు మీద పేరున్న మనిషి బతికే ఉంటే అన్నిటికంటే సులువైన దారి, అన్నీ ఆయన పేరు మీదే చేయడం. నాన్న పేరున బిల్లు ఉంటే నాన్న ఆధార్, నాన్న ఖాతా, నాన్న ఫోన్ నంబరు. డబ్బు పెట్టేది నేను కదా, సబ్సిడీ నా ఖాతాలో పడాలి కదా అని కొడుకులు పేచీ పెడతారు. పడదు. నాన్న ఖాతాలో పడ్డాక అడిగి తీసుకోండి. ఇంకో రకం ఉన్నారు, అమెరికాలో కూర్చుని ఊళ్లో అమ్మానాన్నల ఇంటికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టేవాళ్లు. ప్రేమ మంచిదే, కానీ తమ నంబరు, తమ ఖాతా ఇచ్చేస్తారు. ఇక్కడ పగలు వెండర్ ఓటీపీ అడిగితే అక్కడ అర్ధరాత్రి. ఊళ్లో ఉన్నవాళ్ల నంబరే ఇవ్వండి.

మనిషి లేకపోతే, లేదా ఇల్లు చేతులు మారితే, సర్వీసు పేరు మార్పించాకే దరఖాస్తు మొదలుపెట్టండి. తర్వాత కాదు, ముందే. మీసేవలోనో మీ డిస్కం (మీకు కరెంటు ఇచ్చే సంస్థ) కస్టమర్ సర్వీస్ సెంటర్‌లోనో పేరు మార్పుకు పెట్టుకోవాలి. మామూలుగా ఇంటి దస్తావేజు లేదా ఇంటిపన్ను రసీదు, మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ, మిగతా వారసుల అభ్యంతరం లేదనే కాగితం అడుగుతారు. అన్నదమ్ములకు పడకపోతే ఈ చివరి కాగితం దగ్గరే కథ ఆగుతుంది, అది తేలేదాకా సోలార్ మాట ఎత్తకపోవడమే మంచిది. పాత బకాయి రూపాయి ఉన్నా కట్టేయండి. పేరు మారిందని ఎవరో చెప్తే సరిపోదు, కొత్త పేరుతో ఒక బిల్లు చేతికి వచ్చేదాకా ఆగండి.

మనిషి ఒకరే అయినా అక్షరాల తేడాలు ఉంటాయి. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, బ్యాంకువాళ్లు దాన్ని చివర వేస్తారు, కరెంటు ఆఫీసువాళ్లు పొడి అక్షరాలతో సరిపెడతారు. ఆధార్‌లో 'వెంకట సుబ్బారావు' అని పూర్తిగా ఉండి బిల్లులో 'వి.ఎస్.రావు' అని ఉంటే కొన్నిసార్లు సాగిపోతుంది, కొన్నిసార్లు సాగదు. ఆ జూదం మీకెందుకు? ఆధార్‌ని కదపకుండా, బిల్లునీ ఖాతానీ ఆధార్‌లో ఉన్నట్టు సరిచేయించుకోండి. ఉన్నవాటిలో కదపడానికి ఎక్కువ తలనొప్పి ఆధారే.

ఖాతా విషయంలో ఇంకో చిక్కు ఉంది, ఇది మన రాష్ట్రాల్లోనే ఎక్కువ. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, అదే రోజు సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిసింది. 2025లో ఆంధ్రాలోని నాలుగు గ్రామీణ బ్యాంకులు ఒకటయ్యాయి. పెద్దవాళ్ల బీరువాలో పాత పాస్‌బుక్కులు, పాత చెక్కులు భద్రంగా ఉంటాయి, దరఖాస్తుకు అవే తీసిస్తారు. పాత ఐఎఫ్ఎస్సీ కోడ్ వేస్తే డబ్బు వచ్చే దారే ఉండదు. బ్యాంకుకు వెళ్లి కొత్త పాస్‌బుక్ వేయించుకోండి, కేవైసీ పెండింగ్ ఉంటే అప్పుడే పూర్తి చేయండి.

ఇవన్నీ సరిగా ఉంటే మిగతాది ఫోన్‌లో అయ్యే పని. పీఎం సూర్యఘర్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో రాష్ట్రం, డిస్కం, సర్వీస్ నంబరు ఇచ్చి రిజిస్టరై, దరఖాస్తు పెట్టండి. పది కిలోవాట్ల లోపు అయితే సాంకేతిక పరిశీలన కోసం ఆగాల్సిన పనిలేదు, నిబంధనల ప్రకారం ఆమోదించినట్టే లెక్క. దరఖాస్తు మీరే పెట్టండి, వెండర్ కుర్రాడికి ఫోన్ ఇచ్చేయొద్దు. అతను తన నంబరుతో రిజిస్టర్ చేశాడంటే తర్వాత మీ దరఖాస్తు ఎంతవరకు వచ్చిందో చూసుకోవడానికి కూడా అతన్నే బతిమాలుకోవాలి.

వెండర్‌ని పోర్టల్ జాబితాలోంచే ఎంచుకోవాలి, బయటివాళ్లు ఎంత చవగ్గా చేసినా సబ్సిడీ రాదు. కనీసం ముగ్గురి దగ్గర కొటేషన్ రాయించుకోండి. అందులో డీసీఆర్ ప్యానెళ్లు అని స్పష్టంగా రాయమనండి, అంటే సెల్ కూడా మన దేశంలోనే తయారైన ప్యానెల్. ఇవి కాస్త ఖరీదు, అందుకే ఎవరైనా వింతగా తక్కువ రేటు చెబితే ముందు అనుమానించాల్సింది ఇక్కడే.

ఇంకో కిటుకు. 'మూడు కిలోవాట్లు' అని చెప్పి మూడు కిలోవాట్ల ఇన్వర్టర్‌కు (ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే పెట్టె) 540 వాట్ల ప్యానెళ్లు ఐదే బిగిస్తారు. ఐదు కలిపితే 2.7 కిలోవాట్లే. ప్యానెళ్లు, ఇన్వర్టర్ రెంటిలో ఏది తక్కువైతే దానికే సబ్సిడీ లెక్కగడతారు కాబట్టి మీకు 78 వేలకు బదులు 72,600 వస్తాయి. ఆరో ప్యానెల్ అడగండి.

సబ్సిడీ పోను మిగతాది ఇవ్వండి చాలు అనే వెండర్ల మాటకు లొంగొద్దు. సబ్సిడీ పడేది మీ ఖాతాలో, మధ్యలో అతని లెక్కలెందుకు? నా పద్ధతి ఒకటే: సామాను డాబా మీదికి చేరాక సగానికి పైగా, నెట్ మీటర్ (మీరు తీసుకున్న కరెంటునూ, లైనులోకి పంపిన కరెంటునూ విడివిడిగా లెక్కించేది) తిరగడం మొదలయ్యాక మిగతాది, అదీ బ్యాంకు ద్వారానే. దీనికి ఒప్పుకోని వెండర్ మనకొద్దు. చేతిలో డబ్బు లేకపోతే మూడు కిలోవాట్ల వరకు రెండు లక్షల లోపు పూచీకత్తు లేకుండా బ్యాంకులు అప్పిస్తున్నాయి, జన్ సమర్థ్ అనే ప్రభుత్వ రుణాల పోర్టల్ ద్వారా పెట్టుకోవచ్చు.

బిగించడం రెండు రోజుల పని. ముఖం దక్షిణానికి, వాలు మన ప్రాంతానికి పద్నాలుగు నుంచి పద్దెనిమిది డిగ్రీలు, వాటర్ ట్యాంకు నీడా కొబ్బరిచెట్టు నీడా పడకూడదు. స్టాండు మనిషి నిలబడేంత ఎత్తు ఉండాలి, లేకపోతే వేసవిలో వడియాలు ఎక్కడ పెడతారు? దానికి అదనంగా అయ్యే ఖర్చు మీదే. సముద్రం దగ్గర ఊళ్లయితే గాల్వనైజ్డ్ స్టాండు తప్ప వేరేది వద్దు. కరెంటు పోతే మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్, అంటే బ్యాటరీ లేకుండా కరెంటు లైనుకు కలిపినది, కూడా ఆగిపోతుంది, స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా అలా పెట్టారు. బ్యాటరీ కావాలంటే పెట్టుకోండి, దానికి సబ్సిడీ లేదు. ఐదేళ్లు మరమ్మతులు వెండర్ బాధ్యతే, ఒప్పందంలో అది ఉందో లేదో చూసుకునే సంతకం చేయండి.

తర్వాత డిస్కం వాళ్లు వచ్చి చూసి నెట్ మీటర్ పెడతారు. వాళ్లొచ్చే లోపే ప్రతి ప్యానెల్ సీరియల్ నంబరు ఫోటో మీరే తీసి పెట్టుకుని, పోర్టల్లో వెండర్ ఎక్కించిన నంబర్లతో సరిపోల్చండి. సోలార్ పనిచేయడం మొదలైందని ఇచ్చే కమిషనింగ్ రిపోర్టు వచ్చాక బ్యాంకు వివరాలు ఎక్కించి సబ్సిడీకి క్లెయిమ్ పెట్టాలి. ఇది దానంతట అది జరుగుతుందనుకుని కూర్చునేవాళ్లు చాలామంది. పెట్టాక మామూలుగా నెల లోపు పడుతుంది. పడకపోతే పోర్టల్లోనే ఫిర్యాదు పెట్టి ఆ నంబరు రాసుకోండి.

మొదటి బిల్లు వచ్చినప్పుడు మొత్తం ఒక్కటే చూడకండి. తీసుకున్న యూనిట్లు, పంపిన యూనిట్లు వేర్వేరుగా ఉంటాయి, ఫిక్స్‌డ్ ఛార్జీ ఎలాగూ పడుతుంది. పంపిన యూనిట్ల దగ్గర సున్నా ఉంటే మీటర్ రీడింగ్ ఫోటో తీసుకుని డిస్కం ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) ఆఫీసుకు వెళ్లి ఆ నెలలోనే సరిచేయించుకోండి.