బిట్‌కాయిన్ లైట్నింగ్‌లో డబ్బు తీసుకున్నాక మీ నోడ్ బయటపడిపోతోందా?

లైట్నింగ్ అంటే బిట్‌కాయిన్‌ను చిటికెలో పంపుకునే నెట్‌వర్క్. నోడ్ అంటే అందులో మీరు నడిపే సాఫ్ట్‌వేర్, ఛానల్ అంటే రెండు నోడ్‌ల మధ్య కాయిన్లు పెట్టి తెరిచే దారి.

లక్షణం ఇదీ: ఇన్‌వాయిస్ (డబ్బు అడిగే చీటీ) పంపారు, డబ్బు వచ్చింది. పంపినవాడేమో మీ నోడ్ ఏదో, ఛానల్ ఎప్పుడు తెరిచారో, ఎంతతో తెరిచారో చెప్పేస్తున్నాడు.

"ఆనియన్ రూటింగ్ ఉంది కదన్నా!" అని బెంగళూరు మారతహళ్లిలో మనవాళ్లు నన్ను అడుగుతూనే ఉంటారు. అంటే దారిలోని ప్రతి నోడ్‌కూ తన ముందూ వెనకా ఉన్నవే తెలిసేలా పొరలు పొరలుగా చుట్టి పంపడం. ఉంది, కానీ అది ముఖ్యంగా దాచేది పంపేవాడిని. దారి కట్టేది అతనే కాబట్టి గమ్యం అతనికి తెలియాలి. బోల్ట్ 11 (మామూలుగా వాడే ఇన్‌వాయిస్ పద్ధతి) ఇన్‌వాయిస్‌లో మీ పబ్లిక్ కీ, అంటే మీ నోడ్ గుర్తింపు, విడిగా రాయకపోయినా సంతకం నుంచి రాబట్టొచ్చు.

ముందు మీ ఇన్‌వాయిస్‌ను మీరే డీకోడ్ చేసి చూడండి. నిమిషం పని. అదొక్కటి తప్ప అన్నీ చేసి నా దగ్గరికొస్తారు! నోడ్‌కు ఇంటిపేరు పెట్టుకున్నవాళ్లు, ఇంటి ఐపీ ప్రకటించినవాళ్లు ముందు అవి తీసేయండి.

అసలు దొంగ ప్రైవేట్ ఛానల్. ఆ పేరు నమ్మి నేనూ మోసపోయాను. ఓసారి నాకు డబ్బు పంపిన కుర్రాడు, కాఫీ తాగుతూ ఫోన్ నా వైపు తిప్పాడు. నా ఛానల్ తెరిచిన లావాదేవీ, దానికి వాడిన పాత కాయిన్లు, వరసగా కనిపిస్తున్నాయి. ప్రైవేట్ అంటే నెట్‌వర్క్‌లో చాటింపు వేయలేదని మాత్రమే. చాటింపు లేని సందులోకి డబ్బు రావాలంటే దారి ఇన్‌వాయిసే చెప్పాలి. అదే రూట్ హింట్. అందులోని ఛానల్ ఐడీలో మూడు సంఖ్యలుంటాయి: ఏ బ్లాకు, అందులో ఎన్నో లావాదేవీ, ఎన్నో అవుట్‌పుట్. మొదటి సంఖ్య 840000 అయితే ఆ ఛానల్ 2024 ఏప్రిల్‌నాటిదని ఎవరైనా చెప్పేస్తారు. మిగతాది ఎక్స్‌ప్లోరర్ (బిట్‌కాయిన్ లావాదేవీలన్నీ వెతికి చూపే సైటు) చూపిస్తుంది.

దీనికి మందు ఎస్‌సీఐడీ (ఆ ఛానల్ ఐడీయే) ఏలియాస్: అసలు ఐడీ బదులు ఉత్తుత్తి ఐడీ హింట్‌లోకి వెళ్తుంది. మీ వైపూ, ఛానల్ అవతలి నోడ్ వైపూ సపోర్ట్ ఉండాలి. అయితే ఇప్పటికే పంపిన ఇన్‌వాయిస్‌లు వెనక్కి రావు. ఆ ఛానల్ మూసి, వేరే కాయిన్లతో కొత్తది తెరవండి. మూసినప్పుడు వచ్చిన కాయిన్లే మళ్లీ పెడితే గొలుసు తెగదు.

ఏలియాస్ ఛానల్‌నే దాస్తుంది, మీ నోడ్ కీని కాదు. దానికి బ్లైండెడ్ పాత్ కావాలి: పంపేవాడికి దారిలోని ఒక నోడ్ వరకే తెలుస్తుంది, ఆ తర్వాతిది గుప్తం. బోల్ట్ 12 ఆఫర్ (మళ్లీ మళ్లీ వాడుకోగల కొత్త రకం చీటీ) చేస్తే చాలనుకోకండి. అందులో బ్లైండెడ్ పాత్ లేకపోతే మీ నోడ్ ఐడీ బాహాటంగానే ఉంటుంది.

దారి పొడవునా పేమెంట్ హాష్ (ఆ చెల్లింపు గుర్తు) ఒకటే కావడం, టైమింగ్ చూసి ఊహించడం లాంటివీ ఉన్నాయి. ఇవన్నీ సరిచేశాక వాటి టెన్షన్ పెట్టుకోవచ్చు.

మార్పులయ్యాక కొత్త ఇన్‌వాయిస్ తీసి మళ్లీ డీకోడ్ చేయండి. మీ కీ ఇంకా కనిపిస్తుంటే బ్లైండెడ్ పాత్ సెట్టింగ్ పడలేదన్నమాట.