న్యూట్ ట్యాంక్‌లో మొక్కలు పెట్టాలంటే ఏ మట్టి వేయాలి?

న్యూట్ అంటే తెలియనివాళ్ళకి ఒక ముక్కలో, చూడ్డానికి అచ్చం బల్లే కానీ చుట్టరికం మాత్రం కప్పలతో. ఇక్కడ న్యూజెర్సీలో నా దగ్గర రెండు చైనీస్ ఫైర్ బెల్లీ న్యూట్లు ఉన్నాయి, వీపంతా నలుపు, పొట్ట మీద నారింజ మచ్చలు, మూడు నాలుగు అంగుళాలు ఉంటాయి. వీడియో కాల్‌లో చూసి మా అమ్మ "బల్లుల్ని పెంచుకోడానికా రా అంత దూరం పోయావ్" అంది.

అసలు విషయానికొస్తే, చేపల ట్యాంక్‌కి చెప్పే మట్టి సలహాల్ని దీనికి యథాతథంగా వాడకండి. న్యూట్ చర్మంతో కూడా ఊపిరి పీలుస్తుంది, నీళ్ళు కూడా చర్మంలోంచే లోపలికి పోతాయి, అంటే మట్టిలో ఎరువుందా పురుగుమందుందా అది నీళ్ళలోకి, అక్కణ్ణించి నేరుగా దాని ఒంట్లోకి. అందుకే మట్టి ఎంత సాదాగా ఉంటే అంత మంచిది.

ఇది నేను తప్పు చేసే నేర్చుకున్నా. మొదటిసారి గార్డెన్ షాపులో పాటింగ్ మిక్స్ (కుండీల్లో వేసే మట్టి మిశ్రమం) బ్యాగ్ తెచ్చి లేబుల్ చదవకుండా పోసేశా, గంటలో తెల్లటి పెర్లైట్ గుళికలు అటుకుల్లా పైకి తేలాయి, నీళ్ళు డికాషన్ రంగుకొచ్చాయి, మర్నాడు టెస్ట్ చేస్తే న్యూట్లకి విషమైన అమ్మోనియా 4 పీపీఎం (పది లక్షల పాళ్ళలో నాలుగు) ఉంది. అదృష్టం ఏంటంటే న్యూట్లు ఇంకా ప్లాస్టిక్ టబ్బులోనే ఉన్నాయి.

కాబట్టి బ్యాగ్ కొనేటప్పుడు వెనక్కి తిప్పి చదవండి. ఎరువు కలిపింది, "మాయిశ్చర్ కంట్రోల్" అని రాసింది, పెర్లైట్ ఉన్నది, పేడ ఎరువు లేదా వర్మీకంపోస్ట్ ఎక్కువున్నది వద్దు. చవకగా దొరికే మామూలు టాప్‌సాయిల్ (నేల పైపొర మట్టి) చాలు. చేత్తో తీసి వాసన చూస్తే తొలకరి వాన పడ్డప్పటి మట్టి వాసన రావాలి, ఘాటుగా గానీ పుల్లగా గానీ వస్తే అక్కడే వదిలేయండి. పెరట్లో తవ్విన మట్టి కూడా వద్దు, పాత ఓనర్ లాన్‌కి ఏం కొట్టాడో మనకేం తెలుసు.

తెచ్చాక జల్లెడ పట్టి పుల్లలు, రాళ్ళు తీసేసి బకెట్లో నానబెట్టి పైన తేలిన చెత్తంతా వంపేయండి, రెండు మూడు సార్లు. తర్వాత ఒక గాజు సీసాలో కొంచెం మట్టి, పైన ఇసుక, క్లోరిన్ తీసిన నీళ్ళు పోసి రెండు వారాలు పక్కన పెట్టి మధ్యమధ్యలో అమ్మోనియా టెస్ట్ చేస్తుండండి, సీసాలోనే పెరుగుతూ పోతుంటే ట్యాంక్‌లో వేయక్కర్లేదు, పని తప్పింది.

మట్టి ఒక అంగుళం మించొద్దు, దాని మీద సన్నటి ఇసుక అంగుళంన్నర. ఇసుకే ఎందుకంటే న్యూట్ తిండి మీదకి నోరు తెరుచుకుని దూకుతుంది, వానపాముతో పాటు కింద ఉన్నది కూడా మింగేస్తుంది, సన్న ఇసుక అయితే మామూలుగా బయటికి పోతుంది గానీ బఠాణీ గింజంత గ్రావెల్ అయితే పేగులో ఇరుక్కుంటుంది. ఇసుక మీద రెండు చుక్కలు వెనిగర్ వేసి చూడండి, నురగొస్తే అందులో గవ్వల పొడో సున్నపురాయో ఉన్నట్టు, అది నీళ్ళలో కాఠిన్యం పెంచుతుంది, వేరేది వెతకండి. నీళ్ళు పోసేటప్పుడు ఇసుక మీద ప్లేట్ పెట్టి దాని మీద మెల్లగా పోయాలి, లేకపోతే కింది మట్టి పైకొచ్చి చేసిందంతా బురద.

రెడీమేడ్ ఆక్వాసాయిల్ గుళికలు కూడా వాడొచ్చు కానీ వాటిల్లో చాలా రకాలు మొదటి కొన్ని వారాలు అమ్మోనియా వదులుతాయి, పీహెచ్ కూడా దించుతాయి. పైగా గుళికలు కూడా నోట్లో పట్టే సైజే, వాటి మీదా ఇసుక కప్పాల్సిందే.

ఏది వేసినా మొక్కలు ఒత్తుగా నాటి, ఫిల్టర్ పెట్టి, అమ్మోనియా, దాన్నించి పుట్టే నైట్రైట్ రెండూ సున్నాకొచ్చి వారం పాటు అలాగే నిలబడేదాకా న్యూట్లని వదలకండి, నాకు ఆరు వారాలు పట్టింది. నీళ్ళు 20 డిగ్రీల సెల్సియస్ లోపు ఉంటే మంచిది, హీటర్ అక్కర్లేదు. మొక్కలకని లిక్విడ్ ఎరువు గానీ, నత్తల్ని చంపే మందు గానీ పోయకండి, కొన్నిట్లో రాగి ఉంటుంది, న్యూట్లకి అది విషం. అప్పుడప్పుడు చాప్‌స్టిక్‌తో ఇసుకని మెల్లగా గుచ్చితే కింద పట్టేసిన గ్యాస్ పోతుంది, కుళ్ళిన గుడ్డు వాసన గట్టిగా వస్తే మట్టి మందం ఎక్కువైందని అర్థం.

నిజం చెప్పాలంటే జావా ఫెర్న్, అనూబియాస్, జావా మాస్ మాత్రమే పెట్టేవాళ్ళకి ఈ మట్టి గోలే అక్కర్లేదు, కొయ్యకో రాయికో దారంతో కట్టేస్తే పెరుగుతాయి. వాలిస్నేరియా, క్రిప్ట్ లాంటి వేళ్ళతో తినే మొక్కలు కావాలంటేనే ఇదంతా.

ఇండియాలో ఉన్నవాళ్ళకి ఒక మాట, డార్జిలింగ్ వైపు దొరికే హిమాలయన్ న్యూట్‌కి చట్టం రక్షణ ఉంది, పట్టి తెచ్చుకోవద్దు. ఇక ట్యాంక్‌లో చెయ్యి పెట్టాక సబ్బుతో కడుక్కోండి, ఫైర్ బెల్లీ చర్మంలో విషం ఉంటుంది, ఆ చేత్తో కళ్ళు నలుపుకుంటే మండిపోతాయి.