కలం కింద పెట్టించాక కుదిరిన నోట్సు

తెలుగు మాధ్యమంలో చదివి డిగ్రీకి వచ్చిన నా విద్యార్థులు ఇంగ్లిషు ఉపన్యాసం వింటూ, మొదటి వాక్యాన్ని పూర్తిగా రాసుకునే ప్రయత్నంలో తరువాతి రెండు మూడు వాక్యాలను పోగొట్టుకునేవారు. ఇది పదసంపద లోపమనుకుని చాలాకాలం పదాల జాబితాలు వల్లె వేయించాను; పొరపాటు నాదే, ఎందుకంటే అదే పాఠాన్ని అచ్చులో ఇస్తే వారికి దాదాపు అంతా అర్థమయ్యేది.

ఇంగ్లిషు వక్త ముఖ్యమైన పదాలను ఊనికతో పలికి, 'ఆఫ్', 'టు' వంటి చిన్న పదాలను మింగేస్తాడు. ప్రతి అక్షరమూ స్పష్టంగా వినిపించాలని ఎదురుచూసే తెలుగు చెవి అక్కడే తడబడుతుంది. అందుకే రెండు నిమిషాల రికార్డింగును మొదటిసారి కలం ముట్టకుండా వినమన్నాను. రెండవసారి ఊనిక పడిన పదాలను మాత్రమే రాయించి, వాటి ఆధారంగా ఇద్దరిద్దరు కలిసి పాఠాన్ని తిరిగి కూర్చేలా చేశాను. డిక్టోగ్లాస్ అనే ఈ పద్ధతిలో, కూర్చినదాన్ని మూలంతో పోల్చుకునే ఘట్టమే అసలు పాఠం. 'ఫిఫ్టీన్', 'ఫిఫ్టీ'లను వేరుచేయడానికి ఊనిక ఎక్కడ పడిందో గమనించాలని వారు అక్కడే పట్టుకున్నారు.

ఎడమ అంచున ప్రశ్నలు, అడుగున సారాంశం రాసుకునే కార్నెల్ పద్ధతిని ఆ తరువాతే పరిచయం చేశాను. బాణపు గుర్తులనూ, పొడి అక్షరాలనూ, అవసరమైతే తెలుగు మాటలనూ అనుమతించాను. కొందరు సహోద్యోగులు ఈ చివరిదానికి ఒప్పుకోలేదు గాని, నోట్సు దిద్దేవారి కోసం రాసేది కాదు కదా.